రెండు అధ్యయనాలు, సుగ్గికి పోయే ఊరు

మన దేశంలో ముసలితనం మీద నడుస్తున్న అధ్యయనాల్లో రెండింటిని పక్కపక్కన పెట్టి చదవాలి. మొదటిది లాసీ. లాంగిట్యూడినల్ ఏజింగ్ స్టడీ ఇన్ ఇండియా అనే పొడుగు పేరుకు ముద్దుపేరు అది. ముంబైలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ, అమెరికాలోని హార్వర్డ్, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయాలు కేంద్ర ఆరోగ్య శాఖ తరఫున దాన్ని చేపట్టాయి. 2017-18లో తొలి విడతగా 45 ఏళ్లు పైబడినవాళ్లనూ, వాళ్ల జీవిత భాగస్వాములనూ కలిపి 72,250 మందిని పలకరించారు. రెండోది శాన్స్‌కాగ్. కర్ణాటకలో కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకా పల్లెల్లో 2018 జనవరిలో మొదలైంది. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ ఆవరణలోని సెంటర్ ఫర్ బ్రెయిన్ రీసెర్చ్ దాన్ని నడుపుతోంది. ఆ కేంద్రానికి తొలి డైరెక్టర్‌గా పనిచేసిన విజయలక్ష్మి రవీంద్రనాథ్ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదువుకున్న శాస్త్రవేత్త. వారి లక్ష్యం పదివేల మంది. వాళ్లూ 45 దాటినవాళ్లే.

ఒకరు దేశమంతా తిరిగారు, ఒకరు ఒక్క తాలూకాలో కూర్చున్నారు. ఎవరి పద్ధతి మేలు అని ఢిల్లీలో కూర్చుని అడిగితే తెగని వాదన అవుతుంది. పడమటి కర్నూలులోని ఆదోని, ఎమ్మిగనూరుల నుంచి అడిగితే వాదన కాస్త తేలికగా తెగుతుందని నా నమ్మకం. ఈ రెండు ఊళ్ల మధ్య దూరం ముప్పై కిలోమీటర్ల లోపే. ఆదోనిలో పత్తి మార్కెట్టు, జిన్నింగు మిల్లులు. ఎమ్మిగనూరులో మగ్గాలు. పద్మశ్రీ మాచాని సోమప్ప 1938లో నిలబెట్టిన చేనేతకారుల సహకార సంఘం పేరు మీదే ఆ ఊరు దేశానికి తెలిసింది. అప్పట్లో రెండూ బళ్లారి జిల్లాలోనివి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిశాయి. కాబట్టి ఇక్కడ ఇప్పుడు 75 దాటిన అవ్వలూ తాతలూ ఇల్లు కదలకుండానే జిల్లా మారినవాళ్లు. తెలుగు, కన్నడం, ఉర్దూ మూడూ సంత వీధిలో కలిసి వినిపించే చోటు ఇది. శ్రీనివాసపురం కూడా అలాంటిదే. తెలుగు, కన్నడం కలగలిసిన తాలూకా, వాన మీద ఆశ పెట్టుకున్న నేల. అందుకే ఆ అధ్యయనం మనకు పరాయిది కాదు.

లాసీ బలం దాని ప్రశ్నల్లో ఉంది. చాలా ఆరోగ్య సర్వేలు ముసలివాణ్ని బీపీ, షుగరు అంకెలుగా చూస్తాయి. లాసీ మాత్రం ఇంట్లో ఎవరు సంపాదిస్తున్నారు, పిల్లలు ఎక్కడున్నారు, వాళ్లు డబ్బు పంపుతున్నారా, వీళ్లే పిల్లలకు పెడుతున్నారా, పింఛను వస్తోందా, ఆస్పత్రి ఖర్చు ఎవరు భరించారు, మనసు ఎలా ఉంది అని అడుగుతుంది. ఆపై పిడికిలి బలం కొలుస్తుంది, నాలుగు మీటర్లు నడిపిస్తుంది, ఊపిరి ఊదిస్తుంది, వేలి కొసన చుక్క నెత్తురు తీసుకుంటుంది. 1992 నుంచి అమెరికాలో రెండేళ్లకొకసారి జరుగుతున్న హెల్త్ అండ్ రిటైర్‌మెంట్ స్టడీకి ఇది బంధువు. చైనా, యూరపు దేశాల సర్వేలూ ఆ కుటుంబంలోనివే. అడిగిన తీరు ఒకటే కాబట్టి ఒక దేశాన్ని ఇంకో దేశంతో పోల్చవచ్చు. ముసలితనం జబ్బు కాదు, బతుకు మొత్తం అక్కడ చేరే లెక్క అని అర్థమైనవాళ్లు తయారుచేసిన ప్రశ్నావళి అది. ఆ గౌరవం దానికి ఇచ్చి తీరాలి.

దాని బలహీనత భాగహారంలో ఉంది. 72,250 మందిని ముప్పై అయిదు చిల్లర రాష్ట్రాలకూ కేంద్రపాలిత ప్రాంతాలకూ పంచితే సగటున రాష్ట్రానికి రెండువేల పైచిలుకు. అప్పటి ఆంధ్రప్రదేశ్ పదమూడు జిల్లాలకు ఆ సగటును మళ్లీ పంచితే జిల్లాకు నూటయాభై, నూటఅరవై మంది. ఇది చేతి లెక్కే, నిజంగా అలా సమానంగా పంచరు. కానీ దానితో ఆదోని గురించి ఒక్క వాక్యం కూడా రాయలేమని తెలుసుకోవడానికి ఈ లెక్క చాలు. రాష్ట్రం గురించి రాయవచ్చు. జనాభా అంచనాల ప్రకారం 2021లో ఆంధ్రప్రదేశ్ జనంలో 12.4 శాతం అరవై దాటినవాళ్లు. కేరళ 16.5. మనం కేరళ వెనకాలే పోతున్నాం, కాకపోతే కేరళ ఆస్పత్రులూ కేరళ చదువులూ లేకుండా పోతున్నాం. రాష్ట్ర సగటులో పడమటి కర్నూలు కనబడదు. కృష్ణా డెల్టాలో పొలం కౌలుకిచ్చి టీవీ ముందు కూర్చున్న పెద్దాయనా, కోసిగిలో మనవళ్లకు సంగటి కెలికి పెడుతున్న అవ్వా ఒకే గడిలో పడతారు.

శాన్స్‌కాగ్‌కు ఈ ఇబ్బంది లేదు. దానికి తాలూకాయే లోకం. 45 దాటి, అప్పటికి మతిమరుపు జబ్బు లేనివాళ్లను చేర్చుకుని ఏళ్ల తరబడి వెంట ఉండటం దాని పద్ధతి. ఇక్కడ ఒక తేడా పట్టుకోవాలి. లాసీ చెప్పేది ఇవాళ ఎంతమందికి జబ్బు ఉంది అని. శాన్స్‌కాగ్ చెప్పాలనుకునేది ఇవాళ లేనివాళ్లలో రేపు ఎవరికి వస్తుంది, ఎందుకు వస్తుంది అని. మొదటిది తెలిస్తే మంచాలు, మందులు సిద్ధం చేసుకోవచ్చు. రెండోది తెలిస్తే రాకుండా చూడొచ్చు. అయితే దాని చూపు ఎక్కువగా కపాలం లోపలికే. నెత్తురు పరీక్షలు, జన్యువులు, మెదడు ఎంఆర్‌ఐలు. భారతీయుల జన్యుపటం కోసం నడిచిన జీనోమ్ ఇండియా ప్రాజెక్టును సమన్వయం చేసింది కూడా ఈ కేంద్రమే. జన్యువుల మీద వారికి ఆ మక్కువ సహజం. కానీ మామిడితోటలో నలభై ఏళ్లు మందు కొట్టిన చేతికీ, బడిలో పాఠం చెప్పిన చేతికీ జన్యువు ఒక్కటే అయినా ముసలితనం ఒక్కటి కాదు. లాసీ ప్రశ్నావళిలోని దిట్టతనం ఇక్కడ కావాలి. లాసీకేమో ఇక్కడున్న ఓపిక కావాలి.

మతిమరుపు లెక్క ఎలా పుడుతుందో దగ్గరగా చూస్తే ఈ తేడా ఎంత దూరం పోతుందో తెలుస్తుంది. 1990ల్లో హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఇండో అమెరికన్ అధ్యయనం 65 దాటినవాళ్లలో డిమెన్షియా 1.36 శాతమే అని చెప్పింది. 2008లో లాన్సెట్‌లో వచ్చిన టెన్ సిక్స్టీ సిక్స్ బృందం పరిశోధనలో అమెరికన్ మానసిక వైద్యుల కొలతతో చూస్తే మన పల్లెల్లో 0.3 శాతమే వచ్చింది. క్యూబాలో అదే కొలత 6.3 చూపింది. తర్వాత లాసీలో భాగంగా 18 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో 60 దాటిన 4,096 మందిని లోతుగా పరీక్షించిన లాసీ డాడ్ ఆధారంగా 2023లో వచ్చిన అంచనా 7.4 శాతం. అంటే దేశంలో 88 లక్షల మంది. ముప్పై ఏళ్లలో మన ముసలివాళ్ల మెదళ్లు ఇంతగా పాడయ్యాయా అంటే, కాదు. కొలిచిన కొల మారింది.

ఎందుకు మారిందన్నదాంట్లోనే అసలు పాఠం ఉంది. డిమెన్షియా అని తేల్చాలంటే జ్ఞాపకం తగ్గిందని పరీక్షలో కనబడితే చాలదు. ఆ తగ్గుదల రోజువారీ పనికి అడ్డం వస్తోందని ఇంట్లోవాళ్లు చెప్పాలి. మన ఇళ్లల్లో ఆ మాట రాదు. ఆదోనిలో ఏ వీధిలోనైనా ఒక కోడలిని అడగండి. “మా అత్తకేమైందప్పా, బాగనే ఉంది. వయసైంది గదా, పేర్లు మర్సిపోతాది, అంతే” అంటుంది. ఆ అత్త పొయ్యి ముట్టించడం మానేసి రెండేళ్లయినా కోడలి కంటికి అది జబ్బు కాదు, కోడలు ఉన్న ఇంట్లో అత్త పొయ్యి ముట్టించకపోవడం మర్యాద. లెక్కల పుస్తకం అత్త చూడదు, బ్యాంకుకు ఒంటరిగా పోదు, బస్సు మారి పోయే పని లేదు. ఏ పని చేయలేకపోతోందని అడిగితే, ఆమె చేయాల్సిన పనే ఇంట్లో మిగలలేదు. ప్రేమ కూడా ఒక్కోసారి రోగ నిర్ధారణకు అడ్డం పడుతుంది. ఈ సంగతి మన దేశంలో పనిచేసిన పరిశోధకులు గుర్తించారు. అందుకే టెన్ సిక్స్టీ సిక్స్ బృందం తన సొంత కొలతను తయారుచేసుకుంది. బల్లభ్‌గఢ్ బృందంలోని మేరీ గంగూలీ నిరక్షరాస్యుల కోసం హిందీ మెంటల్ స్టేట్ పరీక్షను కట్టింది. అసలు పరీక్షలో ఒక వాక్యం రాయమన్న చోట, ఇందులో మీ ఇంటి గురించి ఏదైనా చెప్పండి అని అడుగుతారు. చిన్న మార్పే. కానీ పలక పట్టని మనిషిని మతి లేని మనిషిగా లెక్కేయకుండా ఆపింది అదే.

7.4 శాతం అంకె మీద కూడా కొంచెం నిదానంగా నడవాలి. నిపుణులు తెరల ముందు కూర్చుని ఒక్కొక్కరి వివరాలు చూసి తేల్చింది కొద్ది వేలమంది విషయంలోనే. మిగతావాళ్లకు ఆ తీర్పులను బట్టి గణిత నమూనా ఊహించింది. శాస్త్రంలో ఇది తప్పు కాదు, ఇంత పెద్ద దేశంలో ఇంకో దారీ లేదు. ఆడవాళ్లలో ఎక్కువ, పల్లెల్లో ఎక్కువ అని ఆ నమూనా చెప్పింది. రెండూ చదువు తక్కువున్న చోట్లే కావడం వల్ల ఒక సందేహం మిగులుతుంది: అక్కడ మెదడు నిజంగా ఎక్కువ అరిగిందా, పరీక్షకు అలవాటు లేదా? ఆ సందేహం తీర్చే సత్తా ఒక్కసారి వచ్చి పోయేవాడికి లేదు. అయిదేళ్ల తర్వాత మళ్లీ వచ్చి అదే అవ్వను అదే ప్రశ్న అడిగేవాడికి ఉంది. చదువు రాకపోతే మొదటిసారీ తక్కువే, రెండోసారీ తక్కువే. జబ్బయితే రెండోసారి ఇంకా దిగజారుతుంది. శ్రీనివాసపురం పద్ధతి వైపు నేను మొగ్గడానికి ఇది మొదటి కారణం. లాసీ కూడా తిరిగి వచ్చే ఉద్దేశంతోనే మొదలైంది, పేరులోనే ఆ మాట ఉంది. రెండేళ్లకొకసారి అన్న సంకల్పాన్ని కోవిడ్ దెబ్బతీసింది.

ఇక వయసు. ముసలితనం మీద ఏ పరిశోధనకైనా వయసు పునాది రాయి. 65 దాటాక అయిదేళ్లకొకసారి డిమెన్షియా ప్రమాదం దాదాపు రెట్టింపవుతుందని ప్రపంచమంతా ఒప్పుకున్న లెక్క. అంటే వయసులో అయిదేళ్ల పొరపాటు చేస్తే ప్రమాదాన్ని సగానికి తగ్గించినట్టో, రెట్టింపు చేసినట్టో. మన దగ్గర అయిదేళ్ల పొరపాటు పొరపాటే కాదు. ఆధార్ తీసుకున్నప్పుడు పుట్టిన తేదీ తెలియక జనవరి 1 పడినవాళ్లు ఊరికి ఎంతమందో లెక్కే లేదు. దానిమీద పింఛను ఒకటి. వృద్ధాప్య పింఛనుకు 60 నిండాలి, చేనేత పింఛనుకు 50 నిండితే చాలు. 2024 నుంచి నెలకు నాలుగు వేలు. వానలు ఎగ్గొట్టిన ఏడాది ఆ నాలుగు వేలే ఇంటికి పెద్ద ఆదాయం. కాగితం మీద మనిషి కాస్త తొందరగా ముసలివాడు కావడంలో అంత వింతేముంది? ఆ మనిషిని నేను తప్పు పట్టను. తేదీని అలాగే రాసుకుని వెళ్లే సర్వేవాణ్ని తప్పు పడతాను.

దీనికి మందు పాతదే. సంఘటనల పట్టిక పెట్టుకుని అడగాలి. మీరు పుట్టేటప్పటికి ఆదోని బళ్లారిలో ఉందా, కర్నూలులో కలిసిందా? కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు మీ నాయన చెప్పేవాడా? తుంగభద్ర డ్యాము గేట్లు పెట్టినప్పుడు, కాలువ మీ ఊరి పక్కకు వచ్చినప్పుడు మీకు పెళ్లయిందా? 2009లో తుంగభద్ర పొంగి మంత్రాలయం మునిగినప్పుడు మీ పెద్దమనవడు ఎంత ఉన్నాడు? ఇలా నాలుగు ప్రశ్నలడిగితే వయసు రెండేళ్ల తేడాలో తేలుతుంది. ఈ పట్టిక ముంబైలో తయారు కాదు. అనంతపురానికి ఒకటి, ఆదోనికి ఒకటి కావాలి. ఇక్కడ తాలూకా అధ్యయనానిదే పైచేయి. అది తన పట్టికను తానే రాసుకోగలదు.

సుగ్గి, అంటే పని కోసం ఊరు విడిచి పోయే వలస, దాని సంగతి వేరే. పడమటి కర్నూలు బతుకులో సగం దానిదే. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, నందవరం, హొళగుంద మండలాల నుంచి ఖరీఫు పని ముగిశాక జనం మూటాముల్లె సర్దుకుని బయలుదేరతారు. తెలంగాణలో పత్తి ఏరడానికి కొందరు, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి కొందరు, కట్టుబడి పనికి బెంగళూరు, హైదరాబాద్ కొందరు. ఇంటికి తాళం పడుతుంది, లేకపోతే అవ్వా తాతా పిల్లలూ మిగులుతారు. ఇప్పుడు 45 దాటిన మనిషిని వెతుక్కుంటూ సర్వే బండి ఫిబ్రవరిలో వచ్చిందనుకోండి. ఇంట్లో ఎవరు దొరుకుతారు? కాళ్లు నొప్పులని, కంటి చూపు లేదని, ఆయాసమని సుగ్గికి పోలేనివాళ్లు దొరుకుతారు. 45-60 మధ్య వయసువాళ్లలో దిట్టంగా ఉన్నవాళ్లు మిరప చేల్లో ఉంటారు. ఆ లెక్క చూస్తే ఊరంతా రోగిష్టిగా కనబడుతుంది. అదే బండి జూన్‌లో వస్తే ఊరు వేరుగా ఉంటుంది. పనిచేయగలవాళ్లే పనిలో కనబడతారన్న పాత సూత్రం పరిశ్రమల వైద్యంలో అందరికీ తెలిసిందే. ఇక్కడ అది తలకిందులైంది: పనిచేయలేనివాళ్లే ఇంటి దగ్గర కనబడతారు.

ఈ దెబ్బ రెండు అధ్యయనాలకూ తగులుతుంది, కానీ తగిలే తీరు వేరు. దేశవ్యాప్త సర్వేకు తాళం వేసిన ఇల్లు ఒక కోడ్ నంబరు. రెండుమూడు సార్లు తలుపు కొట్టి ముందుకు పోవాలి, ఏజెన్సీకి గడువు ఉంటుంది. ఊళ్లోనే ఉండే అధ్యయనానికి ఆ ఇంటివాళ్లు ఉగాదికి వస్తారని తెలుస్తుంది, ఆగుతుంది. అయితే ఊళ్లో కుదురుగా ఉండేవాళ్ల వెంట ఏళ్ల తరబడి నడవడం సులువు, సుగ్గి జనం వెంట నడవడం కష్టం. ఇలాంటి చోట పెట్టిన ఏ అధ్యయనమైనా కాలం గడిచేకొద్దీ కుదురైనవాళ్ల అధ్యయనంగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. శ్రీనివాసపురం నమూనాను కళ్లు మూసుకుని ఆదోనికి తెచ్చి పెట్టమనను నేను.

దిట్టంగా ఉన్నవాళ్లు అన్నాను కదా, ఆ దిట్టతనాన్ని కొలిచే కొల సంగతి కూడా చెప్పుకోవాలి. వృద్ధుల్లో బలహీనతను గుర్తించడానికి 2001లో లిండా ఫ్రీడ్, ఆమె సహచరులు అయిదు గుర్తులు చెప్పారు: కోరకుండానే బరువు తగ్గడం, అలసట, పిడికిలి బలం తగ్గడం, నడక మందగించడం, ఒంటి శ్రమ తగ్గడం. మూడు ఉంటే బలహీనుడు. 65 దాటిన 5,317 మంది అమెరికన్ల సమాచారం మీద కట్టిన కొల అది. ఇవాళ ప్రపంచంలో ఎక్కడ చూసినా అదే. అయిదో గుర్తు కోసం వాళ్లు వాడిన ప్రశ్నావళిలో గడ్డి కోయడం, తోటపని, జాగింగు, గోల్ఫు, టెన్నిసు, బౌలింగు, ఈత ఉన్నాయి. ఎమ్మిగనూరులో వీటిని చదివి వినిపిస్తే నవ్వు తప్ప జవాబు రాదు. లాసీ ఈ గోతిలో పడలేదు. పార పని, బరువులెత్తడం, పొలం పని దాని జాబితాలో ఉన్నాయి. పత్తి ఏరే అవ్వకు న్యాయం జరిగింది.

నేతగాడికి మాత్రం ఇంకా జరగలేదు. గుంత మగ్గం మీద మనిషి పొద్దున కూర్చుంటాడు. నడుము దాకా నేలలో, కాళ్లు గుంతలో. కాళ్లతో తొక్కాలి, ఒక చేత్తో నాడె విసరాలి, ఇంకో చేత్తో పలక కొట్టాలి. సాయంత్రం దాకా వేల సార్లు. కూర్చున్నాడు కాబట్టి కూర్చున్న పని అని రాసుకోవాలా, ఒళ్లంతా ఆడుతోంది కాబట్టి శ్రమ అని రాసుకోవాలా? రాసేవాడు ఏ గడిలో టిక్కు పెడితే నేతగాడు ఆ మనిషి అయిపోతాడు. పిడికిలి బలం పరీక్ష పెడితే బహుశా ఊళ్లో రైతును మించి చూపిస్తాడు. నడక పరీక్ష పెడితే మోకాళ్లు, నడుము పట్టేసి వెనకబడతాడు. ఒకే మనిషి ఒక గుర్తులో మొనగాడు, ఇంకో గుర్తులో బలహీనుడు. పక్కన కండెలు చుట్టే ఆయన భార్య పని అయితే చాలామందికి పనిగానే కనబడదు. “ఏం పని చేస్తావమ్మా” అంటే ఆమె కూడా “ఇంట్లోనే ఉంటా” అంటుంది. ఆదోని జిన్నింగు మిల్లులో దూదిపొడి మింగుతూ ముప్పై ఏళ్లు పనిచేసిన హమాలీ ఊపిరి ఊదే పరీక్షలో తక్కువ చూపిస్తే, బీడీయా, పొగపొయ్యా, పత్తి దుమ్మా? అడిగేవాడికి మిల్లు లోపలి గది తెలియకపోతే ఆ ప్రశ్నే పుట్టదు.

ఇక్కడే శిక్షణ మాట వస్తుంది, నాకు అసలు ఫిర్యాదు కూడా ఇక్కడే. ముసలితనపు వ్యాధివిస్తరణ శాస్త్రాన్ని బోధించే చోట్లు మనకు లేకపోలేదు. వృద్ధుల వైద్యంలో ఎండీ 1996లోనే మద్రాసు మెడికల్ కాలేజీలో మొదలైంది. వృద్ధుల ఆరోగ్య సంరక్షణకు జాతీయ కార్యక్రమం 2010లో వచ్చింది. జిల్లా ఆస్పత్రిలో పది మంచాల వార్డు, కింద ఆరోగ్య కేంద్రాల్లో వారానికొక క్లినిక్కు దాని పథకం. చెన్నైలో జాతీయ ఎపిడెమియాలజీ సంస్థ, హైదరాబాద్‌లో భారతీయ ప్రజారోగ్య సంస్థ ఉన్నాయి. లాసీ తన సమాచారాన్ని పరిశోధకులకు ఉచితంగా తెరిచి పెట్టింది. దానివల్ల జరిగిన మేలు చాలా పెద్దది. కర్నూలులో ల్యాప్‌టాప్ ఉన్న పీజీ విద్యార్థి కూడా ఇవాళ దేశంలోని వృద్ధుల మీద పేపరు రాయగలడు. అదే దాని కీడు కూడా. ముసలివాళ్ల ఇంటి గడప తొక్కకుండా ముసలితనం మీద నిపుణులయ్యే తరం తయారైంది. పట్టికలు చేతిలో ఉన్నాయి, పట్టికను నింపిన మధ్యాహ్నం ఎలాంటిదో తెలియదు. ఆ మధ్యాహ్నం తెలిసిన మనిషి ఏజెన్సీ తీసుకున్న తాత్కాలిక ఉద్యోగి. సర్వే అయిపోగానే అతను ఇంకో సర్వేకు, ఇంకో జిల్లాకు పోతాడు. శ్రీనివాసపురంలో అడిగే మనుషులకు కనీసం తాలూకా అలవాటవుతుంది. దేశంలో ముసలితనపు శాస్త్రానికి కొరత పడింది లెక్కలు వేసేవాళ్లు కాదు, సరిగా అడిగేవాళ్లు.

సరిగా అడగడం అంటే ఏమిటో చూపించే పరిశోధన ఒకటి హైదరాబాద్ నిమ్స్‌లో జరిగింది. సువర్ణ అల్లాడి, ఆమె బృందం డిమెన్షియాతో వచ్చిన 648 మందిని పరిశీలించి 2013లో ఫలితం ప్రకటించారు. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా వచ్చింది. చదువు రానివాళ్లలోనూ ఆ తేడా కనబడింది కాబట్టి, అది బడి చలవే అని కొట్టిపారేయడానికి లేదు. హైదరాబాద్‌లో జరగబట్టే ఆ ప్రశ్న పుట్టింది. ఒకే భాష మాట్లాడే ఊళ్లో పుట్టదు. అయితే అది ఆస్పత్రికి వచ్చినవాళ్ల లెక్క. రెండు భాషలవాళ్లు ఇంకేదో కారణంతో ఆలస్యంగా ఆస్పత్రికి వస్తున్నారేమో అన్న అనుమానం ఊరి మీద చేసిన అధ్యయనమే తీర్చగలదు. ఆదోని అందుకు తగిన చోటు అని చాలామంది వెంటనే అంటారు. నాకు అంత ధీమా లేదు. ఆదోనిలో ఒక్క భాషే తెలిసిన ముసలివాళ్లు ఎంతమంది దొరుకుతారు? పోల్చడానికి నంద్యాల వైపు పోవాల్సి వస్తుంది. పోతే భాషతో పాటు నేల, నీళ్లు, తిండి కూడా మారతాయి. అయినా ప్రయత్నించదగ్గ పనే.

ఒక ఊరిని దశాబ్దాల పాటు వెంటాడటం మనవాళ్ల వల్ల కాదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. 1987-90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల 29 పల్లెలు తీసుకుని, వాటిలో కొన్నింట గర్భిణులకు, పిల్లలకు పోషకాహారం పెట్టి చూసిన అధ్యయనం ఉంది. జాతీయ పోషకాహార సంస్థ ఆ పిల్లల్ని, వాళ్ల తల్లిదండ్రుల్ని ఆ తర్వాత కూడా వెతికి పట్టుకుంది. ఆ పిల్లలకు ఇప్పుడు నలభై దగ్గర పడుతోంది. ఇంకో పదేళ్లకు అది తనంతట తానే ముసలితనపు అధ్యయనమవుతుంది, కడుపులో ఉన్నప్పటి తిండి లెక్కతో సహా. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ 1948లో 5,209 మందితో మొదలైనప్పుడు అది ఆదోని కంటే చిన్న ఊరే.

పడమటి కర్నూలుకు కొత్తగా నిధులు తేకుండానే అందుబాటులో ఉన్నవి రెండున్నాయి. మొదటిది ఆశా కార్యకర్త చేతిలోని కాగితం. ముప్పై దాటిన ప్రతి ఒక్కరికీ నింపాల్సిన ఆ చెక్‌లిస్టులో అరవై దాటినవాళ్ల కోసం నాలుగు ప్రశ్నలు ప్రత్యేకంగా ఉన్నాయి. నిలబడితే, నడిస్తే తూలుతున్నారా? కదలికకు అడ్డం వచ్చే వైకల్యం ఉందా? రోజువారీ పనులకు మరొకరి సాయం కావాలా? దగ్గరివాళ్ల పేర్లు, సొంత ఇంటి చిరునామా మర్చిపోతున్నారా? నలుగురు శాస్త్రవేత్తలు కూర్చున్నా ఇంతకంటే పొదుపుగా రాయలేరు. ఈ జవాబులు పైకి పోయి రిఫరల్ అంకెగా మారతాయి, ఊరికి తిరిగి రావు. అదే ఇంటికి మరుసటి ఏడాది వచ్చిన జవాబుతో కలిపి చూసేవాళ్లు లేరు. కలిపితే అదే కోహార్టు, ఏళ్ల తరబడి వెంట నడిచే అధ్యయనం.

రెండోది వైద్య విద్యార్థులు. ఎంబీబీఎస్‌లో చేరిన ప్రతి విద్యార్థీ పల్లెలో కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని చదువుకునే కాలంలో చూసుకోవాలని జాతీయ వైద్య కమిషన్ నిబంధన పెట్టింది. ఆదోనిలో ప్రభుత్వ వైద్య కళాశాల వస్తుందని ఏళ్లుగా వింటున్నాం. 2025లో పీపీపీ పద్ధతిలోకి మార్చిన పది కాలేజీల్లో అది కూడా ఉంది. ఆ వాదన వేరు, ఇక్కడ పెంచను. ఎవరు కట్టినా అందులో ఏడాదికి వందమంది చేరితే, ఒక్కొక్కరికి మూడు కుటుంబాలు వేసుకున్నా మూడువందల గడపలు. అయిదేళ్లకు పదిహేనువందలు. ముందు వేసిన చేతి లెక్కలో లాసీకి మన జిల్లాకు పడే సగటు మనుషుల కంటే పది రెట్ల దాకా ఇళ్లు. లాసీ ప్రశ్నల్లో మేలైనవి ఏరుకుని, శ్రీనివాసపురంలా ప్రతి ఏడూ అదే గడపకు పోతే సరిపోతుంది. ప్రశ్నావళికి ముందు విద్యార్థిని ఒక రోజు జిన్నింగు మిల్లులో, ఒక రోజు మగ్గం గుంత పక్కన కూర్చోబెట్టాలి. కుటుంబాలను ఎంచుకునేటప్పుడు తాళం ఉన్న ఇంటిని వదిలిపెట్టకూడదు. కాలేజీ క్యాలెండరు సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. పల్లె సందర్శన జనవరి, ఫిబ్రవరుల్లో పడితే ఆ పదిహేనువందల గడపల్లో చాలావాటి దగ్గర విద్యార్థికి అవ్వా, మనవళ్లూ తప్ప ఇంకెవరూ దొరకరు. ఉగాది దాటాక వేయాలి.